గేటు లోపలి జ్వరం

చెవులు, ముందు పందుల చెవులే ఎర్రబడ్డాయి, దోమ కుట్టిందేమో అనుకుంది తను, కిటికీలన్నిటికీ జాలీ కొట్టించిన మనిషి దోమ అనుకోవడమేమిటి, ఇప్పుడు ఆ జాలీలోంచే చూస్తోంది, ఆఫీసు గది అని పేరేగాని ఒక బల్ల, మూడు కుర్చీలు, అవతల నాలుగు షెడ్లు, తెల్లటి ప్లాస్టిక్ దుస్తుల్లో ఎవరు ఎవరో పోల్చుకోలేని మనుషులు మూడో షెడ్డు వైపు నడుస్తున్నారు, మూడోది ఈనిన తల్లులది, జ్వరం ముందు తగిలింది అక్కడే, చంపడమూ అక్కడి నుంచే మొదలుపెడతారట, ముందు దాని వంతు అన్నాడు వాళ్లలో ఒకడు, వంతు, ఆ మాట మేత వేసేటప్పుడు కదా తను అనేది, ఉండండర్రా తోసుకోకండి మీ వంతూ వస్తుంది అని, నవ్వుతూ అనేది, నూట నలభై జీవాలు, ఒక్కదానికీ మినహాయింపు లేదు, జ్వరం లేనివాటిక్కూడా.

గత మూడు వారాల్లో బయటి నుంచి లోపలికి ఏమొచ్చిందమ్మా, బాగా గుర్తుతెచ్చుకోండి, ఎదురు కుర్చీలో పశువుల డాక్టరు రెండోసారి అడుగుతున్నాడు, కొడుకు వయసువాడు, గొంతు మెత్తగానే ఉంది, తప్పు పట్టడానికి కాదమ్మా, ఇది ఇంకెంతమంది దొడ్లకు పాకిందో తెలియాలి, అంతే, ఏమొస్తుంది నాయనా, ఏమీ రాదు, పన్నెండేళ్లుగా నేను చేసిన పనే అది, ఏదీ రానివ్వకపోవడం, వీధిలో నా పేరేమిటో కనుక్కో, గేటమ్మ, ఎదురుగానే అంటారు, గేటమ్మగారూ బాగున్నారా అని, మేత లారీ గేటు దాటదు, డ్రైవరు కిందికి దిగడు, మేత వెలుపలి గదిలో నెల్లాళ్లు పడి ఉంటేగాని లోపలికి పోదు, పనివాళ్లు స్నానం చేసి ఇక్కడి బట్టలు కట్టుకుంటారు, ఇక్కడి చెప్పులే తొడుక్కుంటారు, అన్నం డబ్బాలు మూత తీసి చూస్తాను, పంది మాంసం ముక్క ఉంటే డబ్బా వెనక్కే, ఈవిడ మా కూర వాసన కూడా లెక్కేస్తుందిరా అని గొణుక్కుంటే విననట్టు ఊరుకున్నాను, నన్నూ మందునీళ్లలో ముంచి తీసి గానీ కాఫీ ఇవ్వదు అని మా ఆయన చుట్టాల ముందు నవ్వులాటగా అనేవాడు, ఆ నవ్వే మనిషి ఇప్పుడు గుమ్మం మెట్టు మీద తల పట్టుకుని కూర్చున్నాడు, నీవల్లే అని ఒక్క మాట అన్నా బాగుండు, అనడు, అనకుండానే చంపుతాడు.

ఎవరో ఒకరు తేకుండా ఎలా వస్తుంది, పనివాళ్లలో ఆ మీసాలాయన, అతనే అయి ఉండాలి, మూడో షెడ్డు పని అతనిదే, పెళ్లికని రెండు రోజులు సెలవు పెట్టి వెళ్లాడు, అక్కడ ఏం తిన్నాడో, ఎవరి దొడ్లో తిరిగాడో, అదిగో చింతచెట్టు కింద ఒక్కడే నిలబడ్డాడు, మిగతావాళ్లు అతనికి పదడుగుల దూరంలో గుంపుగా, అప్పుడే వెలివేశారన్నమాట, తొమ్మిదేళ్లు పనిచేసిన మనిషి, పిల్ల అడ్డం తిరిగితే మోచేతిదాకా సబ్బు పూసుకుని బయటికి తీసిన మనిషి, అమ్మగారూ మీరు చెప్పినట్టే స్నానం చేసే వచ్చానండి అని పొద్దున్నే ఏడ్చాడు, తను ఏమీ అనలేదు, అనకపోవడమంటే ఔననడమే కదా, లేకపోతే తమ్ముడు, ఔను, తమ్ముడి పేరు రాగానే ఒంట్లో ఎక్కడో తీయగా ఉంది, వాడైతే బాగుండు, వాడి పెరట్లో ఎనిమిది పందులు, హోటళ్ల ఎంగిలి బకెట్లతో మోసుకొచ్చి పోస్తాడు, ఈగలు, బురద, అటుగా వెళ్తేనే ముక్కు మూసుకోవాలి.

మీ తమ్ముడు ఇక్కడికి వచ్చాడా అమ్మా, వచ్చాడు, రెండు నెలల కింద, కూతురికి సంబంధం కుదిరిందని చెప్పడానికి, గేటు బయట నిలబెట్టే మాట్లాడాను, ఎండలో, చేతిలో పళ్ల సంచీ, అక్కడే పెట్టి వెళ్లరా అన్నాను, వాడు నవ్వాడు, ఏంటక్కా నేనూ రోగమేనా అన్నాడు, నీ సంగతి నీకు తెలీదా, ఆ కాళ్లు చూసుకో ముందు అన్నాను, కాళ్లు చూసుకున్నాడు, నిజంగానే వంగి చూసుకున్నాడు, పాపం, ఆ తర్వాత ఫోను లేదు, నలభై రోజులు చూసి తనే వెళ్లింది, వెళ్లారా, డాక్టరు కలం ఆగింది, వెళ్లాను నాయనా, ఒక్కగానొక్క తమ్ముడు, రెండు పందులు పోయాయన్నాడు, ఎండకేనట, నేను వాకిట్లోనే కూర్చున్నాను, పెరటివైపు తొంగి కూడా చూడలేదు, ఇంటికొచ్చి తలస్నానం చేశాను, కట్టిన చీర పారేశాను, మూడు రోజులు షెడ్ల మొహం చూడలేదు, ఇంకేం చెయ్యమంటావు, చర్మం వలిచేసుకోమంటావా, అక్కడి నుంచి ఏమైనా తెచ్చారా అమ్మా, ఏమీ తేలేదు, అంది, గట్టిగానే అంది.

ఏమీ తేలేదు, మరి ఆ సంచులు, వదినా మీ మేత సంచులు పదీ మా దగ్గరే ఉండిపోయాయి, ఉతికి మడత పెట్టాం అని మరదలు చేతిలో పెట్టింది, ఎప్పుడో పంది పిల్లలతో పాటు తను ఇచ్చిన మేత సంచులు, ఎండలో ఎండి ఫెళఫెళలాడుతున్నాయి, తిరిగిచ్చేశారంటే కోపం పోయిందని తను అనుకుంది, మనవే కదా, మన సంచులే కదా, వేరేవాళ్ల సంచి అయితే గేటు దగ్గరే తగలబెట్టేది, ఇవి తిన్నగా మేత గదిలోకే, నాలుగో రోజు నుంచి మూడో షెడ్డుకు మేత కొలిచి పంపింది వాటిలోనే, తన చేతులతోనే, అయ్యో, చెప్పకపోతే ఏమవుతుంది, ఎవరికి తెలుస్తుంది, మీసాలాయన మీదికి పోతుంది, పోనీ, అయిపోయినవి ఎలాగూ అయిపోయాయి, అవతల అతను కండువాతో మొహం తుడుచుకుని మళ్లీ అదే చోట నిలబడ్డాడు, కదిలితే ఎవరికి తగులుతానో అన్నట్టు, ఇదెందుకు చూశాను, సంచులు తెచ్చాను నాయనా, అంది, సంచులు, పది, రాసుకో, నేనే తెచ్చాను, ఆ మీసాలాయన జోలికి ఎవరూ పోవద్దని నువ్వే వెళ్లి చెప్పు.

డాక్టరు తమ్ముడి ఇంటి గుర్తులు అడిగాడు, అక్కడ మిగిలిన ఆరింటినీ తీసెయ్యాలమ్మా, ఈ నెలలో ఎవరికైనా అమ్మాడేమో అదీ కనుక్కోవాలి అన్నాడు, నేనే చెబుతాను అని ఫోను తీసింది, వేళ్లు మందునీళ్ల వాసన, ఎన్నేళ్లైనా పోని వాసన, ఒరేయ్, ఆ సంచులు అంతకుముందు దేనికి వాడావురా, ఏ సంచులక్కా, నాకిచ్చినవి, ఓ అవా, ఆ రెండూ జ్వరంతో వణికిపోతుంటే కప్పానక్కా, చలి అనుకున్నా, చచ్చిపోయాక మురికయ్యాయని నేనే రెండుసార్లు సబ్బు పెట్టి ఉతికా, నీకు శుభ్రం ఉండాలి కదా, మళ్లీ కాళ్లు చూసుకోమంటావని, నవ్వుతున్నాడు, వీడికి నవ్వెలా వస్తుంది, సబ్బుకు పోదురా అది, అంది, అది మామూలు జ్వరం కాదురా, ఎంగిలిలో పడ్డ పంది మాంసం ముక్కలతో వస్తుంది, పచ్చి ఎంగిలి పొయ్యకూడదు, బాగా ఉడకబెట్టి చల్లార్చి పొయ్యాలి, అసలు పొయ్యకుండా ఉంటే ఇంకా మంచిది, చచ్చినవాటిని తాకిన గుడ్డముక్క కూడా తగలబెట్టెయ్యాలి, ఒకటే పరుగులా చెప్పుకుపోతోంది, అవతల నవ్వు ఆగిపోయింది, ఉడకబెట్టాలా, నాకు తెలీదక్కా, అన్నాడు, నిజంగానే తెలీని గొంతు, ఇవన్నీ నీకు ముందే తెలుసా.

తెలుసు, శిక్షణకు వెళ్లి నేర్చుకుంది, కాగితాల మీద రాసుకుంది, పనివాళ్లతో వల్లె వేయించింది, వాడిల్లు నడిస్తే పావుగంట, అన్నేళ్లలో ఒక్క సాయంత్రమైనా వాడి పెరటి గట్టు మీద కూర్చుని, ఇదిగోరా, ఆ బకెట్టు ముందు పొయ్యి మీద పెట్టు అని చెప్పి ఉంటే సరిపోయేది, చెప్పలేదు, ముక్కు మూసుకుంది, వాడు మురికిగా ఉంటేనే కదా తను శుభ్రం, మూడో షెడ్డులోంచి మొదటి అరుపు వినిపించింది, ఫోనులో వాడు అక్కా అక్కా అంటున్నాడు, జబ్బును దూరంగా ఉంచడమెలాగో తెలిసిన మనిషి ఈ చుట్టుపక్కల తనొక్కతే, తెలిసి దాచుకున్నదీ తనొక్కతే.