సంచుల వరుస

నా భార్య హన్మమ్మ చావుకు కారణం శాంతవ్వ. ఇందులో వాదన లేదు. రెండేళ్లుగా ఈ మాట ఎవరితోనూ అనలేదు. అననంత మాత్రాన అది అబద్ధం కాదు.

నేను తాండూరు స్టేషను దగ్గర సొసైటీ దుకాణంలో కాంటా వేస్తాను. కార్డు చూసి, తూచి, సంచిలో పోయడం నా పని. బొంరాస్‌పేట బడిలో నాలుగో తరగతి దాకా చదివాను. ఈ పనికి అది చాలు. వానలు పడని ఏడాది నుంచి జనం ఎక్కువయ్యారు. మేం ఇచ్చేది అమెరికా నుంచి వచ్చిన ఎర్ర గోధుమలు. జొన్నరొట్టె తిన్న నోళ్లకు అవి ఎక్కవు. అయినా వస్తారు.

వచ్చినవాళ్లంతా కొసరు అడుగుతారు. షావుకారు తూకం అయ్యాక పిడికెడు పైన వేస్తాడు, నువ్వెందుకు వేయవని. ప్రతి వారం చెప్పాలి. ఇక్కడ వేసే ప్రతి పిడికెడూ చివర నిలబడ్డ మనిషిది. వింటారు. విని కూడా సంచి నోరు అట్లాగే తెరిచి పట్టుకుంటారు.

“జంగప్పా, కాంటా ముల్లు నీ లెక్కనే బిగుసుకపోయింది. జర నూనె పొయ్యి,” అంటాడు గొర్లు కాసే ఈరయ్య.

“నూనె రాలేదు. వచ్చే వారం.”

వెనక అందరూ నవ్వుతారు. నేను నవ్వను. పొద్దు గూకేసరికి కుడి భుజం పైకి లేవదు.

మొదట్లో ఇక్కడ మనుషుల వరుస లేదు. సంచుల వరుస ఉండేది. పొద్దున్నే వచ్చి, గాలికి కొట్టుకుపోకుండా సంచిలో ఒక బండముక్క వేసి, వరుసలో పెట్టి పనికి పోయేవాళ్లు. తమ వంతుకు వచ్చేవాళ్లు. కొన్నాళ్లకు పెద్ద ఇండ్లవాళ్లు జీతగాళ్లతో ఐదేసి సంచులు పెట్టించారు. బండల గనిలో తట్టలు మోసే శాంతవ్వ ఒకరోజు కాంటా ముందుకు వచ్చి నిలబడింది. నాకంటే పదేళ్లు పెద్దది.

“గీ సంచులకు ఆకలైతదా, జంగప్పా? నిలవడ్డ మనుషులకు పెట్టు.”

సొసైటీ సెక్రటరీ మల్లయ్య కూడా అక్కడే ఉన్నాడు. ఆ రోజు నుంచి నియమం మారింది. మనిషి ఉంటేనే వరుస. మనిషి లేని సంచి కనబడితే తీసి పక్కన పెట్టాలి. ఆ పని నాది. నేను ఎవరినీ వదలలేదు. పోలీసు పటేలు సంచి కూడా తీశాను.

హన్మమ్మ కూడా అందరిలాగే వరుసలో వచ్చేది. మొగుడు కాంటా దగ్గర ఉన్నాడని ఒక్కనాడూ ముందుకు రాలేదు. వస్తే నేను రానిచ్చేవాణ్ణి కాదు. మా కార్డును వరుస దాటించి తూచను. అది నాకు నేను పెట్టుకున్న నియమం.

పంతొమ్మిది వందల అరవై ఆరు ఎండాకాలంలో ఆమెకు కామెర్లు వచ్చాయి. కళ్లు పచ్చబడ్డాయి. ఇంట్లో పిండి లేదు. కార్డు పట్టుకుని వచ్చింది. కాసేపు నిలబడి ఉంటుంది. నేను చూడలేదు. నేను చూసేసరికి ఆమె సంచి కాంటాకు మూడో చోట ఉంది. ఆమె గోదాము గోడ నీడన తల వంచుకుని కూర్చుంది. సంచి వెనక శాంతవ్వ.

శాంతవ్వ ఆ సంచిని చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆ చూపు ఏమిటో నాకు తెలుసు. సంచులకు ఆకలైతదా అని అడిగినప్పటి చూపే అది. వెనక నలభై మంది ఉన్నారు. లేచి, సంచి తీసి పక్కన పెట్టాను.

హన్మమ్మ వచ్చి సంచి తీసుకుంది. పోయి చివర నిలబడింది. రెండు గంటలు ఎండలో ఉంది. ఇంకా నలుగురు ముందుండగానే గోధుమలు అయిపోయాయి. అందరితో చెప్పినట్టే ఆమెతోనూ చెప్పాను. ఖాళీ సంచితో ఇంటికి పోయింది. ఆ రాత్రే జ్వరం పెరిగింది. వికారాబాద్ దవాఖానకు రైలులో తీసుకుపోయాను. తొమ్మిదో నాడు చనిపోయింది. సంచి ఇంట్లో మేకుకు ఉంది. బండముక్క అందులోనే ఉంది.

తర్వాత శాంతవ్వ ప్రతి వారం వచ్చింది. తూచాను, పోశాను. మాట్లాడలేదు. ఆమె సంచి ఎప్పుడూ ఆమె చేతిలోనే ఉండేది.

పోయిన శనివారం సంచి ఆమె చేతిలో లేదు. వరుసలో ఐదో చోట కింద ఉంది. ఆమె అదే గోడకు ఆనుకుని మోకాళ్లు పట్టుకుని కూర్చుంది. నేను లేచి సంచి తీశాను.

“ముసలిది, జర ఉండనియ్యరాదే,” అన్నాడు ఈరయ్య.

“నియమం ఆమెదే.”

శాంతవ్వ గోడ పట్టుకుని లేచింది.

“తియ్యనీ ఈరయ్యా. నేనే అడిగిన గదా.”

పోయి చివర నిలబడింది. ఆ రోజు గోధుమలు ఆమె దాకా ఉన్నాయి.

“కార్డు,” అన్నాను.

ఇచ్చింది.

“ఒక్క మాట, జంగప్పా. ఆ దినం హన్మమ్మను కూసోమన్నది నేనే. నువ్వు పో బిడ్డా, సంచి నేను జరుపుత అన్న. అంత దూరం కెల్లి కాలుతోని జరుపుకుంట వచ్చిన.”

నేను తూస్తూనే ఉన్నాను.

“నీ దిక్కు ఎందుకు జూసిన? గియ్యాల ఒక్కపూట ఉండనీ అని జూసిన. అందరి ముంగట నోరు తెరిచి అంటే, పెండ్లానికో నాయం, మందికో నాయం అంటరని అనలే.”

“అంత ఉంటే నీ జాగ ఆమెకు ఎందుకియ్యకపోతివి?”

“నువ్వు సంచి తీసినంక ఇచ్చిన. తీసుకోలే. వద్దు అవ్వా, మా ఆయన పేరు పోతది అన్నది.”

ముల్లు మధ్యలో నిలబడింది. గోధుమలు సంచిలో పోశాను. ఆమె సంచి మూతి మూయలేదు. అందరిలాగే తెరిచి పట్టుకుని కాసేపు ఉంది. కొసరు వేయలేదు.

“ఇంకెవరు?” అన్నాను.

ఆమె పోయింది.

నేను కళ్లతో చూసిన చూపు అది. దాని అర్థం రెండేళ్ల తర్వాత ఒకరు వచ్చి నాకు చెప్పనక్కరలేదు. చెప్పేదుంటే దినాల నాడే చెప్పాలి. తన సంచి తీసిన రోజు చెప్పిన మాటకు విలువ లేదు.

కాంటా మూస్తుంటే ఈరయ్య దగ్గరికి వచ్చాడు.

“ఏమన్నదే శాంతవ్వ?”

“గోధుమల్ల రాళ్లున్నయట.”

ఆ సంగతి ఇక్కడితో అయిపోయింది. మళ్లీ నా నోట రాదు. అడిగినవాళ్లకు కూడా.