దించే బాధ లేని లోడు

ముందే చెప్పేస్తున్నాను, నాకు ముక్కు మీద కోపం. ముప్పై ఒక్క ఏళ్లు లారీల్లో సామాను ఎక్కించినవాడికి ఓపిక కూడా ఉండాలంటే ఎలా? ఒక ఇంటి సామాను మొత్తం ఇంకో ఇంటికి చేర్చే కంపెనీ మాది. అందులో నేను లోడింగ్ మేస్త్రీని. బీరువా ఎక్కడ నిలబడాలి, సోఫా ఎటు తిరగాలి, నిలువుటద్దం ఏ రెండు పరుపుల మధ్య ఉండాలి అన్నది నేను చెప్తాను, మిగతావాళ్లు మోస్తారు. ఇన్నేళ్లలో నా లోడులో ఒక్క టీ కప్పు పగిలిందని ఎవరైనా అంటే వాళ్లని నా ముందుకు తీసుకురండి.

అలాంటి నేను ఖాళీ లారీలోంచి కింద పడ్డాను. నిండు లారీ అయినా పరువు దక్కేది. లారీ అడుగు ఊడ్చుకుంటూ వెనక్కి నడిచి, కాలి కింద ఏమీ లేదని తెలిసేసరికి నేల మీద ఉన్నాను. ఎడమ కాలు రెండు చోట్ల విరిగింది. తొడ దాకా కట్టు కట్టి మూడు నెలలు కదలొద్దన్నారు. మొదటి వారంలోనే మా ఆవిడ చేతులెత్తేసింది. "ఈయనతో వేగలేను తల్లీ, ఎవరైనా పట్టుకుపోయినా బావుణ్ను" అని పక్కింటావిడతో అంటుంటే నా చెవులతో నేనే విన్నాను.

నా చోటికి మా అమ్మాయి వచ్చింది. నాలుగేళ్లుగా అదే కంపెనీలో ప్యాకింగ్ పని దానిది. గాజు సామాను కాగితాల్లో చుట్టి అట్టపెట్టెల్లో సర్దుతుంది. మనిషి దొరికేదాకా లోడింగ్ కూడా చూస్తానని తనే వెళ్లి ఓనరుని అడిగిందట. నాతో మాట మాత్రమైనా అనలేదు. అంటే ఏమంటానో దానికి తెలుసు. చుట్టడం వేరు, ఎక్కించడం వేరు. ఎక్కించడానికి కన్ను ఉండాలి. ఆ కన్ను దానికి లేదని నా నమ్మకం, కోపంలో ఆ మాట దాని మొహం మీదే అనేశాను.

అది మర్నాడు పని నుంచి వస్తూ ఒక బొమ్మ తెచ్చి నా ఒళ్లో పడేసింది. అరచేతిలో పట్టేంత బూడిద రంగు ప్లాస్టిక్ డబ్బా, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద తెర, దాని కింద నాలుగైదు మీటలు.

"ఏంటిది?"

"వీడియో గేమ్ నాన్నా. పైనుంచి ముక్కలు పడతాయి. సందు లేకుండా పేర్చాలి, అంతే."

"నేనేమైనా చంటిపిల్లాణ్నా?"

"చంటిపిల్లలు అమ్మని ఇంత సతాయించరులే."

మా ఆవిడ వంటింట్లోంచి నవ్వింది. ఆ నవ్వు నాకేం నచ్చలేదు. వాళ్లిద్దరూ మాటల్లో పడ్డాక బొమ్మ చేతిలోకి తీసుకున్నాను.

మొదటి ఆట నిమిషం కూడా సాగలేదు. నావి మోకులు లాగి మొద్దుబారిన వేళ్లు, ఒక మీట నొక్కబోతే రెండు నొక్కుకున్నాయి. పడే ముక్కని తిప్పుదామనుకునేలోపే అది అడ్డంగా కూలబడింది. దాని మీద ఇంకొకటి, దాని మీద ఇంకొకటి. తెర నిండిపోయి, చివర్లో ఈల లాంటిదేదో వేసి ఆగిపోయింది. నన్ను చూసి ఈల! నా సర్వీసు అంత వయసు లేదు దానికి.

రెండో ఆటలో జాగ్రత్తపడ్డాను. అడుగు వరసని ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వెంట్రుక దూరకుండా పేర్చాను. అంతలో ఆ వరస టక్కున మెరిసి మాయమైపోయింది.

"ఏమే!" అని కేకేశాను. "నేను పేర్చిన సామాను ఎవడు దించాడు?"

మా అమ్మాయి తలుపు దగ్గరకొచ్చి నవ్వాపుకుంది. "వరస నిండితే అదే పోతుంది నాన్నా. ఆటే అది."

నాకు ఒళ్లు మండింది. అంత చక్కగా పేర్చింది పోవడమేంటి? బొమ్మని మంచం మీదికి విసిరేశాను. పావుగంట తర్వాత ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని మళ్లీ తీశాను. ఒక్క ఆట ఆడి పక్కన పెట్టేద్దామనుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం కూడా ఆ ఒక్క ఆటే నడుస్తోంది. భోజనానికి మా ఆవిడ రెండుసార్లు పిలిచి, మూడోసారి పిలవడం మానేసింది.

వారం తిరిగేసరికి ముక్కలన్నిటికీ పేర్లు పెట్టేశాను. చదరంగా ఉన్నది వాషింగ్ మెషిన్. మోచెయ్యిలా వంగింది కుర్చీ. పొడుగాటిది నిలబెట్టిన పరుపు. ఇక వంకర టింకరగా ఒకటుంది చూశారూ, దాన్ని పేచీకోరు అన్నాను. ఎటు తిప్పి పెట్టినా ఏదో ఒక మూల కంత పెట్టి పోతుంది. మా చుట్టాల్లో అచ్చం అలాంటివాడే ఒకడున్నాడు, ఎవరో చెప్తే మా ఆవిడ ఊరుకోదు.

పని చేసేటప్పుడు నా నోరు ఊరుకోదు. లారీలో అయితే తిట్లే ఎక్కువ. ఇక్కడ తిట్టడానికి మనుషుల్లేరు, అందుకని ముక్కలతోనే మాట్లాడేవాణ్ని. "తొందరపడకు కుర్చీ, నీ ఒడి అక్కడుంది. పేచీకోరుని చదును మీద పెట్టకూడదు, మెట్టు ఉన్నచోట పెట్టాలి. గోడ పక్కన పరుపంత సందు వదులు, పరుపు రాకుండా ఎక్కడికి పోతుంది? ఎత్తు పెరిగిందని కంగారు పడకు, ముందు పైన చదును చెయ్యి." సాయంత్రాలు మా అమ్మాయి టీ కప్పు పట్టుకుని నా మంచం పక్కన నేల మీద కూర్చునేది. ఆట చూడ్డానికి కూర్చుంటోంది అనుకున్నాను.

నన్ను అంతగా పట్టేసింది ఏంటో చెప్పనా? దించే పని లేకపోవడం. మా పనిలో ఎంత బాగా ఎక్కించినా సగం పనే అయినట్టు. అవతల దించాలి, దించేటప్పుడు తిట్లు పడకుండా ఇవతలే ఆలోచించుకోవాలి. ఇక్కడ ఆ గొడవే లేదు. నింపడం మన వంతు, ఖాళీ చేయడం దాని వంతు. దించే బాధ లేని లోడు! ముప్పై ఒక్క ఏళ్లు నడుం విరగ్గొట్టుకున్నవాడికి ఇంకేం కావాలి?

కళ్లు మూసుకుంటే ముక్కలే పడేవి. వంటింటి అలమరాలో డబ్బాలు చూస్తే చేతులు దురద పెట్టేవి. మా ఆవిడ లేని సమయం చూసి చంకల్లో కర్రలతో కుంటుకుంటూ వెళ్లి, ఆ అలమరా మొత్తం సర్దేశాను. ఉప్పు డబ్బా వెతుక్కోవడానికి ఆవిడకి గంట పట్టింది.

"ఒక్క సందు లేదు, చూశావా?" అన్నాను.

"ఉప్పూ లేదు," అంది.

ఏడో వారానికి నూట ముప్పై వరసలు కొట్టాను. ఆ బొమ్మలో అప్పుడప్పుడు ఆడే మా అమ్మాయి రికార్డు డెబ్బై ఆరు. కూతురని కూడా చూడకుండా వారం రోజులు దెప్పాను. మా డ్రైవరుకి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను. కన్ను అంటే ఇదిరా అని నాకు నేనే భుజం తట్టుకున్నాను.

కట్టు తీసిన వారానికి ఓనరు ఇంటికొచ్చాడు. కాసేపు అవీ ఇవీ మాట్లాడి అసలు సంగతికొచ్చాడు.

"మేస్త్రీ, నువ్వింక లారీ ఎక్కలేవని డాక్టరు చెప్పేశాడు. నీకు ఆఫీసులో కుర్చీ ఉంది, దిగులు పడకు. నీ చోట ఎవరన్నదే ప్రశ్న. మీ అమ్మాయి ఇప్పటిదాకా చిన్న ఇళ్లే ఎక్కించింది. ఎల్లుండి మూడు గదుల ఇల్లు. పెద్ద లారీ రిపేరులో ఉంది, చిన్నదే ఉంది. ఐదు గంటల దారి, రెండో ట్రిప్పు కుదరదు. ఒక్క ట్రిప్పులో పట్టించిందా, ఆ పని తనదే. లేదంటే బయటినుంచి మనిషిని తెస్తా, తను మళ్లీ ప్యాకింగే. నువ్వొచ్చి కుర్చీలో కూర్చుని చూడు."

సరేనన్నాను. కానీ నా చోట ఇంకొకరు నిలబడతారంటే, అది నా కూతురే అయినా, మనసు ఒప్పుకోలేదు. దాచుకోవడమెందుకు?

ఓనరు వెళ్లాక మా అమ్మాయి వచ్చి కూర్చుంది. "నాన్నా, ఎల్లుండి అరవకు."

"నేను అరవంది ఎప్పుడు?"

"అందుకే చెప్తున్నా. నాకీ పని కావాలి నాన్నా. కాగితాలు చుట్టుకుంటూనే నా బతుకు వెళ్లిపోతుందేమోనని భయంగా ఉంది." అంత సూటిగా అది నన్ను ఏదీ అడిగి ఎరగదు.

లోడింగ్ రోజు పొద్దున్నే ఆ ఇంటి సామాను అంతా వీధిలోకి చేరింది. లారీ పక్కన డ్రైవరు, సామాను మోసే మా బక్కోడు నిలబడ్డారు. బక్కోడంటే బక్కగా ఉంటాడనుకునేరు, ఇద్దరు మనుషుల పెట్టు ఉంటాడు. ఓనరు చేతులు కట్టుకుని చూస్తున్నాడు. నాకు గోడ నీడన కుర్చీ వేశారు. కూర్చోగానే నా కళ్లు మంచం మీద పడ్డాయి. మడతపడే కాళ్లు, తల వైపు పైకి లేపే పిడి ఉన్న ఇనప మంచం. లారీ అడుక్కి కొలిచి చేయించినట్టుంది. పరిస్తే అడుగు వరస ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నిండిపోతుంది.

మా అమ్మాయి దాన్ని పక్కకి పెట్టించి బీరువాలతో మొదలుపెట్టింది. కాసేపు ఓర్చుకున్నాను. నా ఓర్పు ఎంతసేపుంటుందో మీకు తెలుసు.

"ఆ మంచం అడుక్కి వెయ్యండ్రా!" అని అరిచాను.

"అది చివర్లో నాన్నా."

"చివర్లో ఏంటి? అడుగంతా దాంతో నిండిపోతుంటే కళ్లు కనబడ్డం లేదా? పరిచేసి దాని మీద పెట్టెలు పేర్చుకుంటూ పో."

పన్నెండేళ్లుగా నా గొంతు వింటున్న బక్కోడు అప్పటికే మంచం మీద చెయ్యి వేశాడు. ఓనరు మా అమ్మాయివైపు తిరిగి, "మేస్త్రీ చెప్తున్నాడుగా అమ్మా," అన్నాడు.

అది లారీలోంచి దిగి తిన్నగా నా దగ్గరకొచ్చింది. గొంతు పెంచలేదు. "నాన్నా, అవతల ముందు ఏది దిగాలి?"

నాకు వెంటనే ఎక్కలేదు. నా బుర్ర ఇంకా నిండిన వరస దగ్గరే ఉంది. మా అమ్మాయి గుమ్మం వైపు చూపించింది. అక్కడ కుర్చీలో ఒక ముసలావిడ, శాలువా కప్పుకుని, కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుని ఉంది.

"ఆ మామ్మగారు ఎక్కువసేపు కూర్చోలేరు. ఐదు గంటలు కారులో వెళ్లి, దిగగానే నడుం వాల్చాలి. ఆ మంచం ఆవిడదే. అడుగున పెడితే లారీ మొత్తం దించేదాకా ఆవిడ ఎక్కడ పడుకోవాలి?"

నాకు తల తీసేసినట్టయింది. కొత్తగా చేరిన ఎవరికైనా మొదటి రోజు నేను చెప్పే మొదటి మాట అదే, దించేది తలుచుకుని ఎక్కించమని. ఇన్ని వారాలు ఆ బొమ్మతో ఆడి ఆడి ఆ మాట నేనే మింగేశాను. నిండిన వరస లారీలో కూడా దానంతట అదే పోతుందనుకున్నాను కాబోలు. నూట ముప్పై వరసల మొనగాణ్ని!

ఇదివరకటి నేనైతే తప్పు నాదని తెలిశాక ఇంకాస్త గట్టిగా అరిచేవాణ్ని. ఈసారి బక్కోడి వైపు తిరిగాను. "బక్కోడా, మంచం వదిలెయ్," అన్నాను. "అమ్మాయి ఎలా చెప్తే అలా చెయ్యి."

తర్వాత రెండు గంటలు నోరు మూసుకుని చూశాను. సోఫా నిలబెట్టి దాని ఒంపులోకి కుర్చీలు దూర్చింది. గోడ వెంట పలచటి సందు వదిలితే ఎందుకా అనుకున్నాను, నిలువుటద్దం దుప్పట్లతో సహా వచ్చి అందులో కూర్చుంది. మెట్లు మెట్లుగా ఉన్న పుస్తకాల అలమరా ఒకటి అందరినీ ఏడిపించింది. మా అమ్మాయి దాన్ని చేత్తో తట్టి, "పేచీకోరుని చదును మీద పెట్టకూడదు, మెట్టు ఉన్నచోట పెట్టాలి," అని గొణుక్కుంది. నేను ఉలిక్కిపడ్డాను.

టీ తాగడానికి ఆగినప్పుడు అడిగాను. "ఆ మాటలు ఎక్కడివే?"

"నీవే నాన్నా. నాలుగేళ్లు నేర్పమని అడిగితే తిట్టావే గానీ ఒక్క ముక్క చెప్పలేదు. ఆ బొమ్మకి మాత్రం అన్నీ వరసగా చెప్పావు. పక్కన కూర్చుని విన్నా."

"అందుకేనా తెచ్చింది?"

"అమ్మ ప్రాణం తీస్తున్నావని తెచ్చా. తర్వాతది నా అదృష్టం."

సిగ్గేసింది. ఆ సిగ్గులోంచే గర్వం కూడా పొంగుకొచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ఇంత ఉక్కిరిబిక్కిరిగా ఉంటుందని నాకు తెలియదు.

చివరికి తలుపు దగ్గర మూరెడు చోటు మిగిలింది. మంచం కాళ్లు మడిచి, పక్కకి నిలబెట్టి, ముసలావిడ పరుపు చుట్టి దాని వెనక దూర్చారు. వీధిలో ఒక్క వస్తువు మిగల్లేదు. ఓనరు మంచానికీ తలుపు అంచుకీ మధ్య రెండు వేళ్లు పెట్టి చూసి, తలాడించి, పక్కకి తప్పుకున్నాడు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. లారీ తలుపు మూయమనే మాట మేస్త్రీ ఒక్కడే అనాలి. ఆ మాట అన్నాక దారిలో ఏది ఒరిగినా, ఏది పగిలినా జవాబు అతనే చెప్పాలి. అందుకే ఓనరు కూడా ఆ మాట అనడు. డ్రైవరు తలుపు పట్టుకున్నాడు. బక్కోడు చెమట తుడుచుకున్నాడు. అలవాటు కొద్దీ ఇద్దరూ నావైపే తిరిగారు.

"ఏం మేస్త్రీ, మూయమంటావా?" అన్నాడు ఓనరు.

మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. మా అమ్మాయి నావైపు చూడటం లేదు. బుగ్గ నిండా దుమ్ముతో, మోకులు ఒక్కొక్కటీ లాగి చూసుకుంటోంది. దాన్ని చూస్తుంటే గర్వంతో నా గుండె నిండిపోయింది. కర్ర ఊతంతో లేచి నిలబడ్డాను.

"నన్నడుగుతారేంటి? మేస్త్రీ అక్కడుంది, అడగండి."

అది తలెత్తి నాకేసి ఒక్క క్షణం చూసింది. కళ్లు మెరిశాయి. వెంటనే లారీవైపు తిరిగి అడుగు నుంచి పైదాకా చూసింది.

"ఇంకా కాదు," అంది. "కుడి పక్క మోకు వదులుగా ఉంది. బక్కన్నా, విప్పి మళ్లీ కట్టు."

ఆ మోకు నేను చూడలేదు. ఓనరు అడిగినప్పుడు నేనైతే మూయమనేవాణ్ని.

బక్కోడు విప్పి కట్టాడు. అది రెండు చేతులతో లాగి చూసి వెనక్కి జరిగింది.

"ఇప్పుడు మూయండి," అంది మా మేస్త్రీ.