బడి గంట తర్వాతే పొయ్యి

అమెరికాలో, ఫ్రీమాంట్‌లోని ఓ బడి ఆఫీసులో సుబ్బులు పక్కన కూర్చున్నాను. ఇంగ్లిష్‌లో మాట్లాడటానికి తోడు రమ్మంది. నాది కూరగాయల వ్యాపారం. లాభం ఎటు పోతోందో, నష్టం ఎవరి నెత్తిన పడుతోందో చూడటమే నాకు తెలిసిన విద్య.

"మీ అమ్మాయి రేణు ఆలస్యంగా వస్తోంది, కొన్నిరోజులు రావడమే లేదు. చదవడంలో వెనకబడింది. మళ్లీ మూడో తరగతిలోనే ఉంచాలి" అంది ప్రిన్సిపల్.

రేణు క్లాసులోనే ధృవ్ ఉన్నాడు. తల్లి రాధారాణి నా కొట్టుకే వస్తుంది, తండ్రి ఇంజనీరు. పిన్ని పెళ్లికని వాడు నెల దాటి ఇండియాలో ఉన్నాడు. బడివాళ్లే పాఠాలు కట్టగట్టి ఇచ్చి పంపారు. తిరిగొచ్చాక ఇంటికి ట్యూటర్ వచ్చాడు. వాడు నాలుగో తరగతికి వెళ్తున్నాడు. ఇద్దరూ బడి మానినవాళ్లే. వాడిది ప్రయాణం, రేణుది తప్పు.

రేణు ఎందుకు మానిందో చెబుతాను, వినండి. సుబ్బులు పనిచేసేది కేశవరావు వంటశాలలో. ఇంజనీర్ల ఇళ్లకు భోజనం డబ్బాలు అక్కణ్ణుంచే వెళ్తాయి. తెల్లారకముందే పొయ్యి వెలగాలి. వండేవాళ్ల పిల్లలు బయట వ్యాన్‌లో పడుకుంటారు. డబ్బాలు కదిలాకే తల్లులకు బడి గుర్తుచేసుకునే వీలు. ఆర్డర్లు ఎక్కువైతే ఆ రోజు బడే లేదు. ధృవ్ బడిలో తినే పులిహోర కలిపేది రేణు తల్లే.

ఆదివారం నా కొట్టు వెనక ఉల్లిపాయ బస్తాల మీద వంటవాళ్లంతా కూర్చున్నారు.

"రేపట్నించి పిల్లల్ని బడికాడ దింపి, బెల్లు కొట్టాకే పొయ్యి ఎలిగిద్దాం" అంది సుబ్బులు.

"నా వీసా అయిపోయిన సంగతి కేశవరావుకి తెలుసక్కా. దేశం దాటించడానికి ఒక్క ఫోన్ చాలు" అంది సుమతి.

"అందర్నీ పంపించేత్తే ఇడ్లీలు ఆడే పోసుకుంటాడా?" అంది సుబ్బులు.

నవ్వారు. సుబ్బులు నావైపు తిరిగింది. "ఏం రాఘవులన్నా, బేరం తేల్చవేం? మా వైపా, ఆడి వైపా?"

నా సరుకులో సగం కొనేది కేశవరావే. అయినా, "రేపు వాడికి నా కూరగాయల బండి రాదు" అన్నాను.

సోమవారం బడి గంట మోగింది. పిల్లలు లోపలికి వెళ్లారు. మేం వంటశాలకు వెళ్లాం.

కేశవరావు గుమ్మంలోనే ఉన్నాడు. "డబ్బాలేవని ఫోన్లు ఆగట్లేదు! సుబ్బులు ఇంటికి పో. మిగతావాళ్లు లోపలికి రండి."

ఎవరూ కదల్లేదు. సుమతే ముందుగా ఏప్రాన్ విప్పి అతని కాళ్ల దగ్గర పడేసింది. "అక్క లేకుండా మేం రాం. కొట్టుకో ఫోన్!"

కొట్టాడు. పోలీసులు వచ్చారు. పొమ్మన్నా తన స్థలం వదలడం లేదని వాళ్లకు చెప్పి సుబ్బుల్ని చూపించాడు. వాళ్లు బేడీలు వేశారు.

కారెక్కుతూ సుబ్బులు అరిచింది. "సాయంత్రం పిల్లనెవరు తెస్తారే?"

"అందరి పిల్లల్నీ నేను తెస్తా! ముందు రేణుని నాలుగులోకి పంపేదాకా ఆ ప్రిన్సిపల్ గదిలో కూర్చుంటాం!" అంది సుమతి. ఏప్రాన్లు ఒకదాని మీదొకటి పడ్డాయి.

అప్పుడే నా ఫోన్ మోగింది. రాధారాణి. "రాఘవులుగారూ, మా ధృవ్ లంచ్ ఇంకా రాలేదండీ. కొంచెం కనుక్కుంటారా? ఎప్పుడొస్తుంది?"

"రేణు నాలుగో తరగతిలో కూర్చున్నాక వస్తుందమ్మా" అన్నాను.