ఐదో జత

"సెలవులకి వెళ్ళే దీవిలో వంటగది ఉన్న గదా? శభాష్! హోటల్ తిండి బెడద తప్పింది," అన్నాడు భర్త, పేపర్లోంచి తల ఎత్తకుండానే. ఆ ఒక్క శభాష్‌కే ఆమె ఉబ్బితబ్బిబ్బయింది. మరి ఊరికే దొరికిందా ఆ దీవి? మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని, ఆఫీసు కంప్యూటర్ ముందు నెల రోజులు తల బద్దలు కొట్టుకుంది. గిరాకీ లేని నెల, చవక పడవ, ఒడ్డు పక్కనే పగడపు దిబ్బ. తీరా పక్క సీటావిడతో మురిసిపోతూ చెప్పుకుంటే ఆవిడ కిసుక్కున నవ్వింది. "ఇంతకీ సెలవు ఎవరికే? నీకా, మీ ఇంటి గరిటెకా?" ఆమె కూడా నవ్వేసింది గానీ, చెవులు మాత్రం సిగ్గుతో వేడెక్కాయి.

నీళ్ళలోకి దిగేవాళ్ళ పాదాల కొలతలు రాయమని పడవవాడు ఫారం పంపాడు. ఈదడానికి కాళ్ళకి రబ్బరు రెక్కలు తొడుగుతారట. ఆదివారం పొద్దున్న బల్ల దగ్గర కూర్చుని ఫోన్లో టకటకా నింపేసింది. ఆయనది తొమ్మిది. అబ్బాయిది ఎనిమిది. అమ్మాయిది ఐదు. అత్తగారిది ఆరే గానీ సాయంత్రానికి వాపు వస్తుంది, ఏడు వెయ్యాలి. ఎవర్నీ అడిగే పనే లేదు. రోజూ ఆ చెప్పులు సర్దే చేతికి తెలియని పాదమా?

"అమ్మా, నాలుగు జతలే రాశావేంటి?" భుజం మీంచి తొంగిచూసింది కూతురు. "మనం ఐదుగురం కదా!"

"మీ అమ్మకి నీళ్ళంటే భయం కదే," అన్నారు అత్తగారు. "ఒడ్డున మన బట్టలు చూస్తూ కూర్చుంటుందిలే, పాపం."

"ఎవరో ఒకరు ఉండాలిగా," అన్నాడు భర్త పేపరు వెనక నుంచి.

చూడండి చోద్యం! వేరే ఎవరైనా తన పేరు కొట్టేసి ఉంటే కోప్పడొచ్చు. తనని తీసేసింది తన వేలే. పైగా ఆ భయం ఒట్టి అబద్ధం. పెళ్ళైన కొత్తలో సముద్రంలో నాలుగు బారలు ఈది వెనక్కి తిరిగితే, "నలుగురూ చూస్తున్నారు, తడి బట్టలతో ఏంటా సిగ్గులేని పని, పైకి రా," అని పళ్ళు కొరికాడు ఆయన. వచ్చేసింది. ఏమైందని ఇంట్లో అడిగితే, "భయమేసింది," అంది. పదిహేడేళ్ళుగా ఆ మాటే అందరికీ చెబుతోంది. అలా చెప్పి చెప్పి తనే నమ్మేసింది. తలుచుకుంటే తల కొట్టేసినట్టయింది.

"అయితే నా జత కూడా తీసెయ్యి," అంది కూతురు. "నాకూ భయమే. అన్నిట్లో నీ పోలికే అంటారుగా."

ఆమె కూతురి వైపు తిరిగింది.

"నాకు భయం లేదమ్మా. అబద్ధం చెప్పాను. మీ నాన్న కంటే బాగా ఈదుతాను."

పేపరు కిందికి దిగింది.

ఐదో గడి దగ్గర వేలు ఆగిపోయింది. తన కొలత తనకే తెలియదు. ఇన్నేళ్ళూ అత్తగారు వదిలేసిన చెప్పుల్లోనే కాళ్ళు ఈడ్చింది. కూతురు పరుగెత్తి తెల్లకాగితం, పెన్సిలు తెచ్చి నేల మీద కూర్చుంది.

"మరి బట్టలెవరు చూస్తారే?" అన్నారు అత్తగారు.

ఆమె కుర్చీ వెనక్కి జరిపింది. కాగితం మీద పాదం మోపింది. మడమ పగుళ్ళు అందరికీ కనిపిస్తాయని వెనక్కి తీసుకోబోయి, ఆగింది.

"గీయి," అంది.