తెర మీది ఆవిడ

గిన్నెలు కడుగుతుంటే పక్క గదిలోంచి నా గొంతు వినిపించింది. "సగంలో సగం ఎంత?" అని అడిగి, ఎవరూ నోరు తెరవకముందే "పావు" అని తనే చెప్పేసింది. కుళాయి కట్టేసి తడి చేతులతోనే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. మా అమ్మాయి మంచం మీద బోర్లా పడుకుని ఫోనులో పాఠం చూస్తోంది. ఆ పాఠం చెబుతున్నది నేనే. "అలా కాదమ్మా, ముందు ఒక కాగితం తీసుకుని మడిచి చూడు" అన్నాను. అది తల ఎత్తకుండానే నాకు చెయ్యి అడ్డం పెట్టింది.

"అబ్బా, ఆగమ్మా! టీచర్ చెప్తోంది కదా."

హాల్లో కూర్చున్న అత్తగారు మనసారా నవ్వారు. "అదృష్టవంతురాలివే తల్లీ. నీ గొంతు బళ్ళో పని చేసుకుంటుంది, నీ చేతులు ఇంట్లో పని చేసుకుంటాయి. మా రోజుల్లో ఈ సుఖం ఎక్కడిది!" అన్నారు. ఎత్తిపొడుపు కాదు, ఆవిడ నిజంగానే అలా అనుకున్నారు. నేనూ నవ్వాను. మళ్ళీ వెళ్ళి కుళాయి తిప్పాను, ఈసారి కాస్త గట్టిగా, ఆ గొంతు వినపడకుండా.

మా ఆయన మా బడికి హెడ్మాస్టరు. నన్ను ఇంట్లో "ఇదుగో" అంటారు, బళ్ళో "మేడమ్" అంటారు. నిరుడు ఆయనకో ఆలోచన వచ్చింది. లెక్కలు బాగా చెప్పే మనిషిని ఒకసారి కెమెరా ముందు నిలబెడితే చాలు, ఐదో తరగతి సెక్షన్లన్నిటికీ ఆ పాఠాలే వేసుకోవచ్చు. ఒక గదిలో మంచి టీచరు, పక్క గదిలో అంతంతమాత్రం టీచరు అనే గొడవే ఉండదు. "అందరికీ ఒకే పాఠం, ఒకే గొంతు, ఒకే సమయం. ఇంతకన్నా న్యాయం ఏముంటుంది చెప్పు?" అన్నారు. చెప్పు అన్నారే గానీ నేను చెప్పేదాకా ఆగలేదు, ఫోను మోగితే లేచి వెళ్ళిపోయారు. అబద్ధమెందుకు, నాకూ ఆ మాట నచ్చింది. ఎండాకాలం సెలవులన్నీ పొద్దున్నే వంట ముగించి, అత్తగారికి మందులు అందించి, పరుగున వెళ్ళి ఖాళీ బెంచీలకి పాఠాలు చెప్పాను. చెమటకి పౌడరు కారిపోతుంటే, ఆయనే దగ్గరుండి నా ముఖం తుడిపించారు. ఇంట్లో ఎప్పుడూ నా ముఖం వైపు అంతసేపు చూసింది లేదు.

పాఠం చెప్పేటప్పుడు నాకొక అలవాటుంది. ప్రశ్న అడిగాక పిల్లల వైపు చూడను. బోర్డు వైపు తిరిగి, డస్టరు తీసుకుని, ఏమీ రాసి లేని బోర్డుని మెల్లగా తుడుస్తూ ఉంటాను. టీచరు చూపు మీద పడితే కొంతమంది పిల్లలకి వచ్చిన జవాబు కూడా రాదు. వీపు చూపిస్తే వాళ్ళకి కాస్త ఊపిరాడుతుంది. కాసేపటికి వెనక బెంచీల్లో గుసగుస మొదలవుతుంది, ఎవరో గొంతు సవరించుకుంటారు, అప్పుడు ఇటు తిరుగుతాను. ఇది నాకు ఏ శిక్షణలోనూ నేర్పలేదు. కాపురానికి వచ్చిన కొత్తలో ఇంటిల్లిపాదీ నా నోటి వైపే చూస్తూ "చెప్పమ్మా, నీకేం తెలుసో చెప్పు" అంటే, తెలిసినవన్నీ ఎక్కడికి పోయేవో నాకు గుర్తుంది. అందుకే ఖాళీ బెంచీల ముందు కూడా ఆ తుడవడం మానలేకపోయాను.

పాఠాల్ని సరిచేసేటప్పుడు అదంతా కత్తిరించేశారు. "బోర్డు మీద ఏమీ లేకపోతే ఏం తుడుస్తున్నావు? దండగ తీసేయించాను. గంట పాఠం అరగంటకి వచ్చింది చూశావా!" అని మా ఆయన మురిసిపోయారు. అప్పటి నుంచి తెర మీద ఒకావిడ ఉంది. ముఖం నాదే, బట్టలు నావే. బోర్డు చివర నిలబడ్డ మనిషి రెప్పపాటులో మధ్యకి వచ్చేస్తుంది. చేతిలో డస్టరు ఉన్నట్టుండి మాయమవుతుంది. అడుగుతుంది, ఊపిరి తీసుకోదు, చెప్పేస్తుంది. ఆవిడని చూస్తే నాకు భయం వేస్తుంది.

ఆవిడ వచ్చాక తరగతి గదిలో నా అవసరం తీరిపోయింది. నన్ను ఆఫీసుకి మార్చారు. తల్లిదండ్రులకి సర్దిచెప్పడం, అతిథులొస్తే టీలు చెప్పడం, కోపంగా వచ్చినవాళ్ళని నవ్వుతూ పంపడం. ఇంటి పనే, కుర్చీ మారిందంతే. లెక్కల పీరియడులో వరండాలో నడవాలంటే నాకు కాళ్ళు రావు. అన్ని గదుల్లోంచీ నా గొంతే, ఒకదాని వెనక ఒకటి కాస్త ముందూ వెనకగా, "ఎంత? ఎంత? ఎంత?" అంటూ తరుముకొస్తుంది. ఇంటికెళితే ఫోనులో మళ్ళీ అదే. నిద్రలో కూడా ఎవరో నన్ను ప్రశ్న అడుగుతారు, నేను నోరు తెరిచేలోగా నా గొంతే జవాబు చెప్పేస్తుంది.

ఒకరోజు మంచినీళ్ళ కుళాయిల దగ్గర ఐదో తరగతి పిల్ల కనిపించింది. ఆ పిల్లని తోటివాళ్ళు "నిదానం" అని పిలుస్తారు. అడిగిన దానికి అందరికన్నా ఆఖర్న చెబుతుంది, కానీ చెప్పిందంటే తిరుగుండదు. నిరుడు నాలుగో తరగతిలో ఉండగా నా క్లాసులో ఆ పిల్ల ఎన్నిసార్లో నన్ను ఆశ్చర్యపరిచింది. సీసా నింపుకుంటూ నన్నే ఎగాదిగా చూసింది.

"టీచర్, ఆవిడకి మేమంటే కోపమా?"

"ఎవరికమ్మా?"

"టీవీలో ఆవిడకి. మేం చెప్పేలోపే తనే చెప్పేస్తుంది. నాకు వచ్చు టీచర్, కానీ ఆవిడ ఆగదు." కాసేపు ఆలోచించి మళ్ళీ అంది, "ఇప్పుడు నేను చెప్పడం మానేశాను."

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. సీసా మూత బిగించడానికి సాయం చేసి పంపించాను, అంతకు మించి ఏమీ చేయలేకపోయాను.

వారం తిరక్కుండానే, లెక్కల పీరియడులో గదుల్లో నా పాఠాలు నడుస్తుండగానే, ఉపాధ్యాయుల సమావేశం పెట్టారు. పరీక్షల్లో వెనకబడిన పిల్లల్ని విడదీసి వేరే సెక్షన్‌గా చేయాలన్నారు మా ఆయన. వాళ్ళ పేర్లు చదువుతుంటే నిదానం పేరు మొదట్లోనే వచ్చింది. ఆ సెక్షన్‌కి టీచరు ఎవరని ఎవరో అడిగారు. "టీచరెందుకు? మేడమ్ పాఠాలే రెండోసారి వేద్దాం. ఎలాగూ సెలవుల్లో ఆరో తరగతి పాఠాలు కూడా రికార్డు చేస్తున్నాం" అన్నారు. సైన్సు మాస్టారు నా వైపు తిరిగి, "మీరు ఒకేసారి ఇన్ని గదుల్లో ఉంటారు మేడమ్, మేం ఒక్క గదిలో కూడా పూర్తిగా ఉండలేం" అని చమత్కరించారు. అందరూ నవ్వారు. తెలుగు టీచరమ్మ ఒక్కరే, "ఆ పిల్లలు నా దగ్గర బాగానే చెప్తారండీ, కాస్త ఆలస్యంగా" అని నసిగారు.

"ఆ పాఠాల్లో ఒక లోపం ఉంది. పిల్లలకి ఆలోచించుకునే..." అని మొదలుపెట్టాను.

"మేడమ్ ఉద్దేశం ఏంటంటే," మా ఆయన అందుకున్నారు, "ఒక్కసారి వింటే అర్థం కాని పిల్లలుంటారు, రెండోసారి వేస్తే సరిపోతుందని."

అందరూ తలలూపారు. నా నోరు ఇంకా తెరిచే ఉంది. పన్నెండేళ్ళుగా మా ఇంట్లో ఇలాగే జరుగుతోంది. "దానికి వంకాయ రంగు నచ్చదులే", "అది ఉద్యోగం మారదులే", "మా కోడలు ఏమీ అనుకోదులే" అని నా జవాబులన్నీ ఎవరో ఒకరు చెప్పేస్తూనే ఉన్నారు, నేను వింటూనే ఉన్నాను. నా సంగతి ఎలా పోయినా పోయింది. ఇప్పుడు నా గొంతునే అడ్డం పెట్టి ఒక తెలివైన పిల్లకి మొద్దు అని పేరు పెడుతున్నారు. నేను ఊరుకుంటే ఆ పిల్ల ఆ పేరుతోనే పెద్దదవుతుంది.

లేచి నిలబడ్డాను. "కాదండీ. నా ఉద్దేశం అది కాదు. ఆ పిల్లలు వెనకబడలేదు, వాళ్ళు జవాబు చెప్పే సమయాన్ని మనం కత్తిరించేశాం. ఆరో తరగతి పాఠాలు నేను రికార్డు చెయ్యను. ఇప్పుడు నాకు క్లాసుంది, వెళ్తున్నాను."

"నీకు క్లాసేంటి?" అన్నారు మా ఆయన. అందరి ముందూ "మేడమ్" మర్చిపోయారు.

వరండా అంతా నా గొంతు మోగుతూనే ఉంది. నిదానం ఉన్న గదిలోకి వెళ్ళి, తెర మీది ఆవిడ ఏదో అనబోతుండగా స్విచ్చి ఆపేశాను. పిల్లలు తెర వైపూ నా వైపూ మార్చి మార్చి చూశారు, ఇద్దరిలో ఎవరు నిజమో తేల్చుకోలేనట్టు.

"పావులో సగం ఎంత?" అని అడిగి బోర్డు వైపు తిరిగాను.

ఏ చప్పుడూ లేదు. వాళ్ళు ఆలోచించడం లేదని నాకు వీపుతోనే తెలిసిపోయింది. జవాబు ఎవరో చెప్పేస్తారని ఎదురుచూస్తున్నారు. ఒక ఏడాదిలో వాళ్ళకి నేను నేర్పింది అదన్నమాట. నా నాలుక చివర జవాబు దురద పెడుతోంది. పళ్ళు బిగబట్టి తుడుస్తూనే ఉన్నాను. చాలాసేపటికి వెనకెక్కడో కాగితం మడుస్తున్న చప్పుడైంది.

అప్పుడే తలుపు తోసుకుని మా ఆయన వచ్చారు. "ఏం జరుగుతోంది ఇక్కడ? ఒక్కరూ మాట్లాడరేం?"

"పాఠం జరుగుతోందండీ," అన్నాను, "మీరు తలుపేసి వెళ్ళండి."