పొంగని రొట్టె

సూర్యాపేట పాత బస్టాండు పక్కన సాయంత్రం ఆరయిందంటే వనిత పెనం వేడెక్కుతుంది. షుగరు ఉన్నవాళ్లు, లేకున్నా వస్తుందేమోనని భయపడేవాళ్లు జొన్నరొట్టెల కోసం వరసగా నిలబడతారు. వంతు రాగానే పేరు చెప్పాలి. వనిత ఆ పేరు ఒకసారి పలికి, పిండి తట్టి పెనం మీద వేస్తుంది. ఒంట్లో నిమ్మళంగా ఉంటే రొట్టె బూరలా పొంగుతుంది. పాత షుగర్లను పెనం పట్టించుకోదు గాని, కొత్త రోగమేదైనా దూరిందా, రొట్టె చదునుగా పడి ఉంటుంది. అలా పడి ఉంటే మర్నాడు దవాఖానకు పోవాలి. రోజూ వచ్చే సైదయ్య కడుపులో రాయి నిరుడు అట్లనే బయటపడింది; అది తీయించుకున్నాక అతని రొట్టె మళ్లీ పొంగింది.

దసరాకు ముందురోజు, వరసలో అందరూ చూస్తుండగా, వనిత భర్త ప్రేమ్‌కుమార్ రొట్టె పొంగలేదు.

ప్రేమ్‌కుమార్‌కు ఆటో ఉంది. మూడు రోజులుగా అతనికి కాలు ఒకచోట నిలవడం లేదు. ఆటో ఎక్కుతాడు, దిగుతాడు, ఊరికే హారన్ కొడతాడు, మెడ రుద్దుకుంటాడు.

"ఓ స్రవంతి డాడీ, ఇటు సూడు," కూతురి పేరు పెట్టి పిలిచింది వనిత. "రేపు దవాఖానకు పోదాం."

"పిండి పాతది."

"గదే పిండితోని సైదయ్యకు చేసిన. ఎట్ల పొంగిందో సూడు."

"మునగాలకు నాలుగు ట్రిప్పులు ఒప్పుకున్న. పండుగ దాటినంక పోత."

"పండుగ దాటేదాక అది ఆగుతదా?"

"గ్యాస్ అది. జర సోడా తాగితే ఖతం!"

తెల్లారి ఆటో నిండింది. కొత్తబట్టల సంచులు, మిఠాయి డబ్బాలు, ఒళ్లో పిల్లలు. స్టార్ట్ చేయబోతుంటే వెనక నుంచి ఒకామె, "అన్నా, నిన్న నీ రొట్టె పొంగలే గద?" అంది.

"నీకెవరు జెప్పిన్రు?"

"నీ ఎనక లైన్ల నేనే ఉన్న."

ఆమె సంచితో దిగింది. ఆమె వెంట ఇంకో ఇద్దరు.

"అన్నా, నీకు నడిపే ధైర్యం ఉండొచ్చు. మాకు ఎక్కే ధైర్యం లేదే," అంటూ కాలేజీ పిల్లగాడు నిఖిల్ కూడా దిగాడు.

ప్రేమ్‌కుమార్ ఆటో తిప్పుకొని ఇంకో మూలకు పోయాడు. అక్కడా అదే మాట. పది దాటింది. చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. కూర్చోలేడు, నిలబడలేడు.

అప్పుడు పూలమ్మే వెంకటమ్మ ఖాళీ గంపతో వచ్చి ఎక్కింది.

"పెద్ద దవాఖాన కాడ దించు బిడ్డా."

ఒక్క మనిషైనా దొరికిందని ఆటో ఉరికించాడు. "నీకేమైందవ్వా?"

"పో, సెప్త."

గేటు ముందు ఆటో ఆగగానే ముసలామె ముందుకు వంగి తాళంచెవి లాగి రొంటిన దోపుకుంది.

"నాకేం గాలె. దిగు నువ్వు."

"పండుగ పూట గిదేం పరాచికమవ్వా! తాళం ఇయ్యి!"

"అరిస్తే ఇంకింత నొస్తది. దిగు. నీ పెండ్లాం పొద్దటి నుంచి చీటీ రాయించుకొని కూసున్నది."

లోపల డాక్టరమ్మ ఛాతీకి తీగలు అతికించింది. కాగితం సగం బయటికి రాకముందే నర్సును కేకేసింది.

"లేవొద్దు. కదలొద్దు. నొప్పి ఎప్పటినుంచి?"

"నొప్పేం లేదు మేడమ్, గ్యాస్..." అని మొదలుపెట్టి వనిత ముఖం చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడింది.

"మూడు రోజులాయె మేడమ్," అన్నాడు. "ఎడమ చెయ్యి గూడ గుంజుతున్నది."

ఆ మాట అన్నాక, మంచం అంచున అప్పటిదాకా ఆడుతూనే ఉన్న అతని కాలు ఆగింది.