నోట్లో దాచుకునే చేప

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారువాళ్ళు పగలగొట్టిన వేసవిలో నాగమల్లేశ్వరి పొట్ట చేతపట్టుకుని కంకిపాడు వచ్చింది. పాలు తాగే పిల్ల తిరుమలని అత్త పెద్దింట్లమ్మ దగ్గర వదిలేసి వచ్చింది. వదల్లేదు, వదిలించారు. పని ఇచ్చిన పద్మావతమ్మ పెట్టిన షరతు అది.

"చంకలో పిల్ల ఉంటే నా చేపపిల్లల్ని ఎవరు చూస్తారే? ముందు వీటిని పెంచు. ఇవి ఎదిగి గవర్నర్‌పేటలో రంగుచేపల షాపుకి వెళ్ళాయా, నీ పిల్లని తెచ్చుకుని ఈ షెడ్డులోనే ఉందువుగాని."

ఆ మాట పట్టుకుని బతుకుతోంది.

ఇంటి వెనక రేకుల షెడ్డు, దాన్నిండా అద్దాల తొట్లు. గోల్డ్‌ఫిష్ గుడ్లు పెట్టగానే తల్లిని వేరే తొట్లోకి మార్చేశారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. పనిమనిషికి కారణాలు చెప్పే అలవాటు ఆ ఇంట్లో లేదు. పిల్లలు బయటికొచ్చాయి. దారప్పోగు, దానికి రెండు కళ్ళు, అంతే. ఉడికిన కోడిగుడ్డు పచ్చసొనని పల్చటి గుడ్డలో మూటకట్టి నీళ్ళలో పిండాలి. మంచులా దిగే ఆ సొనే వాటి మేత. ఎక్కువైతే నీళ్ళు కుళ్ళి చస్తాయి, తక్కువైతే మాడి చస్తాయి. తన పిల్లకి గుడ్డు కాదు గదా, గంజైనా వేళకి దొరుకుతోందో లేదో. సొన పిండుతుంటే రవిక తడిసిపోయేది.

"ఛీ, పాల కంపు!" అని పద్మావతమ్మ ఒకనాడు మల్లెపూలు తెచ్చి ఇచ్చింది. "రొమ్ముకి కట్టుకో. పాలు ఆగిపోతాయి."

"పిల్ల వస్తే తాగాలి కదండీ." నాగమల్లేశ్వరి ఆ పూలు జడలో పెట్టుకుంది.

చేపపిల్లలు బియ్యపు గింజంత అయ్యాయి. ఒక సాయంత్రం పద్మావతమ్మా, ఆవిడ మొగుడు వెంకటకృష్ణారావూ పెళ్ళికని మంగళగిరి వెళ్ళారు. కరెంటు పోయింది. తొట్లో గాలి బుడగలు ఆగాయి. పిల్లలన్నీ ఒక మూలకి చేరి నీటిపైకి నోళ్ళు తెరిచాయి. ఇవి చస్తే తిరుమల రాదు.

ఆమెకి తెలిసింది గురక అనే చేప. కొల్లేట్లో ఎవర్నడిగినా చెబుతారు. అలికిడైతే తల్లి గురక నోరు తెరుస్తుంది, పిల్లలన్నీ అందులో దూరతాయి, భయం తీరాక ఊసేస్తుంది.

"తల్లి లేక బెంగపెట్టుకున్నాయి" అనుకుంది. ఎవరి బెంగ ఎవరికి అంటగట్టిందో! పక్క తొట్లోని తల్లిని రెండు చేతులా ఎత్తి తెచ్చి వదిలింది.

తల్లి మెల్లగా మూలకి వెళ్ళింది. నోరు తెరిచింది. కొన్ని లోపలికి పోయాయి.

"దాచుకో తల్లీ, దాచుకో" అంది నాగమల్లేశ్వరి. మొహం వెలిగిపోయింది.

మళ్ళీ తెరిచింది. మళ్ళీ కొన్ని. మూల ఖాళీ అయింది. కరెంటు వచ్చింది, బుడగలు లేచాయి. ఇక ఊసేస్తుందని తొట్టి ముందు గొంతుక్కూర్చుంది. చేప అద్దం దగ్గరికొచ్చి, ఇంకా కావాలన్నట్టు నోరు ఆడించింది.

పద్మావతమ్మ తిరిగొచ్చేసరికి ఆమె అక్కడే ఉంది.

"పిల్లలేవే?"

"నోట్లో ఉన్నాయండమ్మగారూ. ఇంకా వదల్లేదండీ."

పద్మావతమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పడీపడీ నవ్వింది. "ఏవండీ, ఇటు రండి! గోల్డ్‌ఫిష్ పిల్లల్ని దాచుకుందంట! మింగేసిందే పిచ్చిమొద్దా. తన గుడ్లనే తినే రకం ఇది."

వెంకటకృష్ణారావు తొట్లోకి తొంగిచూశాడు. "తల్లి బాగానే ఉందిగా. మళ్ళీ పెడుతుందిలే."

"మరి నా పిల్లండీ?"

"ఏ పిల్ల?" అన్నాడాయన.

"వచ్చే కాన్పుకి చూద్దాంలే" అంది పద్మావతమ్మ. పెళ్ళికి పెట్టుకున్న మల్లెదండ జడలోంచి లాగి ఆమె ఒళ్ళో పడేసింది. "ఈసారి తలలో పెట్టుకోకు."

పూలు వాడినా వాసన పోలేదు. నాగమల్లేశ్వరి ఆ దండ పట్టుకుని తొట్టి వెనక్కి వెళ్ళి రవిక ముడి విప్పింది.